ఉంగి పేరుతో ఎవరూ లేరు

పేరు మార్చుకోవడం నాకు కొత్త కాదు. ఇరవై రెండేళ్ళ కిందట సూర్యాపేటలో డిగ్రీ చదువుతున్నప్పుడు, గది కిరాయికి ఇచ్చేవాళ్ళు దొరక్క కాళ్ళరిగేలా తిరిగాను. ఎస్తేరు అని చెప్పగానే ఇంటావిడ మొహం మారిపోయేది. "మా సుట్టాలొస్తున్నరమ్మా, గది ఖాళీ లేదు" అనేది. ఖాళీ గది తెరిచిన తలుపులోంచి నా కళ్ళకు కనబడుతూనే ఉండేది. ఐదో ఇంటి దగ్గర ఒళ్ళు మండి, నా పేరు నవనీత అన్నాను. తాళంచెవి చేతికొచ్చింది. పదకొండు నెలలు ఆ ఇంట్లో నవనీతగా బతికాను. మా నాన్న నాగయ్య నన్ను చూడటానికి కోదాడ నుంచి వచ్చినప్పుడల్లా గేటు బయటే నిలబడేవాడు. కొత్త పేరుతో పిలవడానికి ఆయనకు నోరు రాదు. అసలు పేరుతో పిలిస్తే నా గది పోతుంది. అందుకని గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు విని నేను బయటికి పరుగెత్తేదాన్ని. తర్వాత చాలా ఏళ్ళపాటు దాన్ని తలుచుకుని ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు. నేను ఒక పిల్లకు పేరు మార్చాను. ఆ పేరు మూలంగా, కన్నతల్లి పోయే రోజున ఆ పిల్ల ఆమెకు దొరకలేదు. నా తప్పేమీ లేదని మా ఆఫీసు వాళ్ళు, మా చర్చి వాళ్ళు, చివరికి ఆ పిల్ల కూడా అన్నారు. ఎవరేమన్నా నేను మాత్రం దీన్ని ఇలాగే చెబుతాను.

కోదాడలో మా యువకేంద్రం ఉంది. పేరు చూసి పెద్ద బిల్డింగు అనుకునేరు. మూతపడ్డ మిల్లు వెనక రెండు గదులు, ముందు ఖో-ఖో ఆడేంత జాగా, ఒక క్యారమ్ బోర్డు, నాలుగు కుట్టుమిషన్లు. పదమూడేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు వస్తారు. సగం మంది ఊరివాళ్ళు. మిగతా సగం నడిగూడెం, గరిడేపల్లి వైపు మిరప చేల పక్కన ప్లాస్టిక్ పట్టాల కింద ఉండే కోయ పిల్లలు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో గొడవలకు ఊళ్ళు తగలబడిపోతే, వీళ్ళ అమ్మానాన్నలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇటు వచ్చారు. మిరప ఏరడానికి వచ్చామని చెప్పి ఉండిపోయారు. ఆ పిల్లలను ఊరి పిల్లలతో కలపడం నా ఉద్యోగం. ఆఫీసు కాగితాల్లో దీనికి పెద్ద పెద్ద మాటలున్నాయి. నా మటుకు పని ఒకటే. ఆదివారం సాయంత్రం ఆట అయిపోయాక వాళ్ళూ వీళ్ళూ ఒకే గ్లాసుతో నీళ్ళు తాగాలి.

ఉంగి మొదటిసారి వచ్చినప్పుడు దానికి పదమూడేళ్ళు. నడిగూడెం దగ్గర భాస్కర్ అనే రైతు చేలో వాళ్ళ గుడిసె. తండ్రి జ్వరంతో పోయాడు. తల్లి దేవె, మేనమామ ఐతు, అంతే కుటుంబం. పిల్ల గడప దాటి లోపలికి రాకుండా, ఖో-ఖో గీతల పక్కన గంటసేపు నిలబడి చూసింది. నేను భుజం పట్టుకుని తెచ్చి వరసలో కూర్చోబెట్టాను. కూర్చున్న పిల్లను లేపడానికి ఆ ఆటలో పేరు అక్కర్లేదు. వెనక నుంచి వీపు తట్టి ఖో అంటే చాలు. ఆ రోజు దాని వీపు తట్టగానే అది లేచి పరుగెత్తిన తీరు చూసి, ఊరి పిల్లలందరూ నోళ్ళు తెరిచారు.

ఆట అయ్యాక కష్టం మొదలైంది. "నీ పేరేందే?" అని వర్షిణి అడిగింది. మా క్లబ్బులో నోరు ఎక్కువున్న పిల్ల అదే. "ఉంగి" అని ఇది చెప్పింది. వర్షిణి చేతుల్లో పాపను ఊపుతున్నట్టు ఊపి, "ఉంగా... ఉంగా..." అని ఏడుపు తీసింది. పిల్లలంతా పడీపడీ నవ్వారు. నేను వర్షిణిని నాలుగు తిట్టాను. నా తిట్లకు ఆ పిల్లలు భయపడరు, భయపడినట్టు నటిస్తారు. ఆ తర్వాత ఆర్నెల్లు అదే పాట. వర్షిణి, ఉంగి ప్రాణస్నేహితులయ్యాక కూడా మిగతావాళ్ళు వదల్లేదు.

ఎనిమిదో తరగతిలో చేర్పించేటప్పుడు నాకు నవనీత గుర్తొచ్చింది. మిషన్ల గదిలో దాన్ని కూర్చోబెట్టి అడిగాను.

"బళ్ళో నీ పేరు మనీషా అని రాయిస్త. ఏమంటవ్?"

అది కాలిబొటనవేలితో నేల మీద గీతలు గీసింది. "ఉంగి అంటే ఏమైతది అక్కా?" అంది చివరికి.

"ఏం కాదు. కాకుంటే పోయిన ప్రతిచోటా నువ్వెవరు, ఏ అడివి నుంచి వచ్చినవ్ అని అడుగుతరు. చెప్పుకుంట కూసోవాలె. మనీషా అంటే ఎవ్వరడగరు. నేను గూడ గిదే చేసిన."

నవనీత కథ చెప్పాను, నాన్న దగ్గు కూడా చేసి చూపించాను. అది నవ్వలేదు. "మరి అమ్మకు చెప్పొద్దక్కా" అంది. చదువుకునే పిల్లకు ఆ మాత్రం తెలివి ఉండాల్సిందే అని నేను మురిసిపోయాను. ఎందుకు చెప్పొద్దో అడగాలని నాకు తోచలేదు. అంతమందికి ఇంతింత సలహాలు ఇచ్చే నోరు, ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయింది.

కాగితాల మీద దేవె వేలిముద్ర వేసింది. మడకం అనే ఇంటిపేరు ఒక్క అక్షరమైంది. ఎం. మనీషా, ఊరు నడిగూడెం. నేను ఆమెకు చదివి వినిపించలేదు. "బడి కాగితం, ఈడ వెయ్యి" అన్నాను. ఆమె వేలిని సిరాలో అద్ది, నా మొహం చూసి నవ్వి, ఒత్తింది. తర్వాత ఆధార్ కార్డు, పదో తరగతి మెమో, అన్నీ ఆ కాగితం వెంటే వచ్చాయి.

దేవె గురించి ఒక సంగతి చెప్పాలి. వాళ్ళ గుడిసెకు ఎప్పుడు వెళ్ళినా నాకొకటి వింతగా ఉండేది. కూతురు లోపలికి వస్తే తల్లి లేచి నిలబడేది. అంబలి ముందు కూతురికి పోసి, అది తాగాకే తను తాగేది. ఒకసారి దసరా సెలవుల్లో ఉంగి ఇంట్లో ఉంటే, తలకు నూనె రాస్తూ దేవె వాళ్ళ భాషలో ఏదో అడిగింది. కూతురు సరే అన్నట్టు తలూపాక మళ్ళీ రాసింది. తల్లి బిడ్డ దగ్గర అనుమతి అడగడం నేను ఎక్కడా చూడలేదు. "ఏందే, మీ అమ్మ నీకు గింత మర్యాద చేస్తది? నువ్వేమన్న దొరసానివా?" అని ఆటపట్టించాను. "మా అమ్మ గంతే అక్కా" అని ఉంగి సిగ్గుపడింది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఖో-ఖోలో జిల్లా జట్టుకు ఎంపికైంది. సూర్యాపేటలో ఇంటర్ సీటూ, హాస్టల్ సీటూ వచ్చాయి. దింపడానికి దేవె కూడా వచ్చింది. బస్టాండు దాటి, నీళ్ళ ట్యాంకు పక్కన పచ్చ గేటు. ఆ గుర్తులు ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. లోపల సంతకాలన్నీ నేనే చేశాను. బయటికొచ్చేటప్పుడు దేవె గేటు ఊచలు పట్టుకుని కూతురికి దణ్ణం పెట్టింది. చుట్టూ ఉన్న తల్లులందరూ బిడ్డలను ముద్దులు పెట్టుకుంటుంటే, ఈమె దణ్ణం పెడుతోంది. నాకు కొంచెం నామోషీ అనిపించి, చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను.

హాస్టల్లో మనీషా బాగా కలిసిపోయింది. ఎంత బాగా అంటే, ఆ పిల్లది ఏ ఊరని, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక్కరూ అడగలేదు. తెలుగు నాకంటే శుభ్రంగా మాట్లాడేది. నేను గెలిచానని అనుకున్నాను.

మొన్న ఫిబ్రవరిలో, ఒక మంగళవారం, మిర్యాలగూడలో మాలాంటి సంస్థలన్నిటికీ ఒక మీటింగు పెట్టారు. మిల్లుల రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు. బయట వడ్ల లారీల హారన్లు మోగుతుంటే, లోపల నేను మైకు పట్టుకుని మాట్లాడాను. తెర మీద మనీషా ఫొటో, మెడలో జిల్లా పతకం. "ఈ అమ్మాయి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు హాస్టల్లో ఎవరికీ తెలియదు. అదీ మా పని" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య చేతిలో ఫోన్ వణికింది. తెలియని నంబరు. పర్సనల్ లోను కావాలా మేడం అనేవాళ్ళు రోజుకు పదిసార్లు చేస్తారు కదా, కట్ చేశాను. మళ్ళీ చేశారు. మళ్ళీ కట్ చేసి, ఫోన్‌ను బ్యాగులో పడేశాను.

మర్నాడు సాయంత్రం నడిగూడెం రైతు భాస్కర్ ఫోన్ చేశాడు.

"మేడం, మీ క్లబ్బు పిల్ల లేదూ, గా ఉంగి... వాళ్ళమ్మ చచ్చిపోయింది. జ్వరం మెదడుకెక్కిందంట. నిన్న సూర్యాపేట పెద్ద దవాఖానల పోయింది. పొద్దున మా చెలక గట్టున్నే పూడ్చిన్రు. బండి గిట్ల నేనే మాట్లాడిన. అంత అయింది గని, పిల్ల ఏది మేడం? తల్లి పోతే రాకపోవుడేంది?"

దవాఖానకూ ఆ పచ్చ గేటుకూ మధ్య రెండు కిలోమీటర్లు కూడా ఉండదు.

గురువారం పొద్దున్నే మొదటి బస్సుకు సూర్యాపేట వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ లక్ష్మయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెద్దాయన, మంచివాడు. మంగళవారం ఎవరైనా వచ్చారా అని అడిగితే వెంటనే చెప్పాడు.

"అవునమ్మా, వచ్చిండు. సన్నగ, నల్లగ, కాళ్ళకు చెప్పుల్లేవు. తెలుగు సరిగ రాదు. ఉంగి, ఉంగి అంటడు. నేను రిజిస్టర్ మొత్తం సూసిన. మడకం ఉంగి అంటడు, గా ఇంటిపేరు గూడ లేదు. ఛత్తీస్‌గఢ్ పిల్ల అన్నడు. గీడ ఛత్తీస్‌గఢ్ పిల్లలు ఎవ్వరు లేరయ్యా, అందరు మన దిక్కు పిల్లలే, ఉంగి పేరుతోటి ఎవ్వరు లేరు అని చెప్పిన. అయినా పోడే! గీ గోడకానుకోని గంటసేపు నిలవడ్డడు. లోపట మన పిల్లలు ఖో-ఖో ఆడుతున్నరు. ఒకటే లొల్లి, మనీషా మనీషా అనుకుంట. గా అరుపులు ఇనుకుంట నిలవడి, ఇగ కండ్లు తుడుసుకోని పోయిండు. ఏమైందమ్మా?"

ఆయనకు ఏం చెప్పను? రిజిస్టర్ చూశాడు, ఉన్నది చెప్పాడు. రిజిస్టర్‌లో ఆ పిల్ల లేకుండా చేసింది నేను. మా నాన్నలా గేటు బయట నిలబడి దగ్గితే పరుగెత్తుకొచ్చే ఏర్పాటు కూడా ఆ పిల్లకు లేదు.

ఉంగి చేతిలో పుస్తకంతో నవ్వుతూ వచ్చింది. నేను చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. అది ఏడవలేదు. "ఎప్పుడు?" అని అడిగింది. మంగళవారం సాయంత్రం ఆరింటికి అన్నాను. "మంగళవారం నేను ఈడనే ఉన్న కదా అక్కా" అంది. బస్సులో నడిగూడెం దాకా ఆ మాటే మూడుసార్లు అంది. నేను దాని చెయ్యి పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. దాని మొహం చూసే ధైర్యం నాకు లేదు.

గుడిసె ముందు ఐతు కూర్చుని ఉన్నాడు. మేనకోడలిని చూసి లేచి నిలబడ్డాడు, దేవె లేచినట్టే. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. చాలాసేపటికి ఆయన వాళ్ళ భాషలో చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. పదమూడేళ్ళుగా ఆ పిల్లలతో పనిచేస్తున్నాను, వాళ్ళకు తెలుగు నేర్పాను, నేను మాత్రం నేర్చుకోలేదు. "ఏమంటున్నడే?" అని అడిగాను, సిగ్గు లేకుండా. నేను నేర్పిన శుభ్రమైన తెలుగులో ఉంగి ఒక్కొక్క ముక్కే నాకు చెప్పింది.

"మంగళవారం పొద్దున అమ్మకు జర తెలివొచ్చిందంట. చాయ్ కొట్టాయన ఫోన్ల నీకు రెండుసార్లు చేయించిండంట మామ. నువ్వు ఎత్తలేదంట." ఆగి, మేనమామ చెప్పింది విని, మళ్ళీ అంది. "అమ్మ పొద్దంతా ఒకటే అడిగిందంట. అత్త ఏది, అత్తను తీసుకరా అని."

"ఏ అత్త?"

"అమ్మ వాళ్ళ అత్త. మా నాయిన వాళ్ళమ్మ."

"ఆమె ఎక్కడుంది?"

"లేదక్కా. మా ఊరు కాలినప్పుడు ఆమెకు కాళ్ళు లెవ్వు. మోసుకొద్దామంటే ఎనక తుపాకులు. ఇంట్లనే వదిలిపెట్టి ఉరికొచ్చిన్రు. అమ్మ ఎంత ఏడ్సిందో ఇప్పటికి మామ చెప్తడు. ఆమె పేరు ఉంగి."

నాకు అర్థమయీ కానట్టు ఉంది. ఐతు ఆగాడు. ఉంగి మాత్రం ఆగలేదు. ఈసారి ఎవరి మాటా తర్జుమా చెయ్యడం లేదు, తనే చెబుతోంది.

"నేను ఈ చెలకలనే పుట్టిన. రెండు రోజులు పాలు తాగలేదంట. మా కోయోళ్ళల్ల గట్లయితే చచ్చిపోయినోళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తరు. ఏ పేరుకు బిడ్డ నోరు తెరిస్తే, వాళ్ళు మళ్ళ వచ్చినట్టు. మా తాత పేరు పిలిచిన్రు, చిన్నమ్మ పేరు పిలిచిన్రు. నేను తెరవలే. ఎవ్వరికి ధైర్యం చాలక ఉంగి పేరు ఆఖర్న పిలిచిన్రంట. అప్పుడు తాగిన. అమ్మ ఏడ్సుకుంట, నవ్వుకుంట, అత్తకు కోపం లేదు, వదిలిపెట్టొచ్చినా మన ఎంటనే వచ్చింది అన్నదంట." ఉంగి నా వైపు చూసింది. "అత్త అంటే నేనే అక్కా."

కూతురు వస్తే లేచి నిలబడటం, ముందు అంబలి పోయడం, గేటు దగ్గర దణ్ణం, అన్నీ ఒక్కసారిగా నా మీద పడ్డాయి. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. అది ప్రశ్న కూడా కాదు, ఏడుపు.

"చెప్తే నవ్వుతరేమో అనుకున్న. నువ్వు మంచికే చేసినవ్ కదా."

ఐతు మళ్ళీ నెమ్మదిగా రెండు మూడు మాటలు అన్నాడు. అవి తెలుగులో చెప్పడానికి ఉంగికి చాలాసేపు పట్టింది. నేను వద్దన్నాను. అయినా చెప్పింది.

"మామ హాస్టల్ నుంచి తిరిగి పోయి, ఉంగి లేదంట అని చెప్పిండంట. అమ్మ ఏమన్నదంటే... 'ఎందుకు వస్తది? మనం వదిలిపెట్టి వచ్చినం కదా. ఇంకా కోపం పోలే' అన్నదంట. అటు తిరిగి పండుకున్నదంట. ఇగ మాట్లాడలేదంట."

నేను ఆ గుడిసె ముందు మట్టిలో కూలబడి ఏడ్చాను. నలభై నాలుగేళ్ళదాన్ని, పదిమంది పిల్లలకు ధైర్యం చెప్పేదాన్ని, పదిహేడేళ్ళ పిల్ల ముందు చిన్నపిల్లలా ఏడ్చాను. కాగితాలన్నీ మార్పిస్తాను, మళ్ళీ ఉంగి అని రాయిస్తాను, ఎన్ని ఆఫీసులైనా తిరుగుతాను అన్నాను. ఉంగి నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"రాయించక్కా. కని ఆ పేరుకు లేచి నిలబడేటామె పోయింది" అంది.

తర్వాత చెలక గట్టుకు వెళ్ళాం. మిరపకాయలు ఎర్రగా ఎండలో ఆరబోసి ఉన్నాయి. వాటి ఘాటు ముక్కుకు తగులుతోంది. దేవెను పూడ్చినచోట మట్టి ఇంకా పచ్చిగానే ఉంది, తలవైపు ఒక రాయి పాతారు. ఉంగి దాని పక్కన కూర్చుంది. వంగి, చెవిలో చెప్పినట్టు, వాళ్ళ భాషలో ఒక్క మాట అంది. అది పిల్ల మాట్లాడే తీరులో లేదు. ముసలివాళ్ళు ఇంటి కోడలితో మాట్లాడినట్టు, నిదానంగా, కాస్త అధికారంగా ఉంది. నేను అడగకూడదనే అనుకున్నాను. అదే నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"'కోడలా, నేను వచ్చిన. నాకు నీ మీద కోపం లేదు' అన్నానక్కా."

ఆ మాట మంగళవారం చెప్పాల్సింది. చెప్పడానికి పిల్ల ఆ దవాఖాన ఉన్న ఊళ్ళోనే ఉంది.